చెరువులో ఎవరూ విషం కలపలేదు: కార్పు చేపల చావుల గురించి అపోహలు, వాస్తవాలు

ముసురు పట్టిన రోజుల్లో తెల్లవారుజామున నాకు వచ్చే ఫోన్లన్నిటిలో మాట ఒకటే. "రాత్రి ఎవరో చెరువులో మందు కలిపారండి, చేపలన్నీ తేలిపోయాయి." చేపల చెరువుల నీళ్లు పరీక్షించడం నా పని. కొల్లేరు చుట్టుపక్కల, కైకలూరు, ఆకివీడు వైపు ఈ మాట వినని ఏడాది లేదు. వెళ్లి చూస్తే దాదాపు ప్రతిసారీ చేపలు ఊపిరాడకే చనిపోయి ఉంటాయి.

అపోహ: ఒక్క రాత్రిలో చేపలన్నీ చచ్చాయంటే అది విషమే.

వాస్తవం: ఒక్క రాత్రిలో చచ్చాయంటే మొదట అనుమానించాల్సింది ఆక్సిజన్‌ని. పగలు ఎండకు నీటిలోని పాచి ఆక్సిజన్ తయారుచేస్తుంది. చీకటి పడ్డాక ఆ పాచి, చేపలు, అడుగున కుళ్లుతున్న మేత అన్నీ కలిసి దాన్ని వాడేస్తాయి. అందుకే డీవో, అంటే నీటిలో కరిగి ఉన్న ఆక్సిజన్, అతి తక్కువకు పడిపోయేది సూర్యోదయానికి కాస్త ముందు. వరుసగా రెండు మూడు రోజులు మబ్బు పట్టిందంటే పగటి రాబడి పడిపోతుంది, రాత్రి ఖర్చు మాత్రం అలాగే ఉంటుంది. ఎండాకాలంలో ఇంకో చిక్కు. 20 డిగ్రీల నీటిలో లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరిగితే, 30 డిగ్రీల నీటిలో ఏడున్నరే కరుగుతుంది. వేడికి చేపల అవసరమేమో ఇంకా పెరుగుతుంది. లీటరుకు 5 మిల్లీగ్రాములుంటే బొచ్చె, శీలావతి లాంటి కార్పులకు ఢోకా లేదు. 3 కంటే తగ్గితే మేత సరిగా ముట్టవు. 1 దగ్గరికి వచ్చిందంటే గట్టు వెంట చచ్చిన చేపలే.

విషమా, ఊపిరాడకపోవడమా అన్నది గట్టు మీద నిలబడే చాలావరకు తేల్చుకోవచ్చు. ఆక్సిజన్ చాలకపోతే పెద్ద చేపలు ముందు పోతాయి, వాటిలోనూ బొచ్చెలు ముందు. బతికినవి నోళ్లు తెరిచి గాలి మింగుతూ, నీరు వచ్చే తూము దగ్గర గుంపు కడతాయి. ఎండ ఎక్కేసరికి తేరుకుని లోపలికి దిగిపోతాయి. పురుగుమందుకు వేళాపాళా లేదు. చిన్న చేపలు, రొయ్యలు, నీటి పురుగులు కూడా చస్తాయి. చేపలు గింగిరాలు తిరుగుతాయి, ఎండ వచ్చినా తేరుకోవు. వరిచేల మురుగునీరు తోడుకునే చెరువుల్లో ఆ ప్రమాదం నిజంగానే ఉంది. అక్కడ వెంటనే తూము మూసేసి, శుభ్రమైన సీసాలో నీరు పట్టి పరీక్షకు పంపండి.

ఒకే గట్టుకు అటూ ఇటూ చెరువులున్న ఇద్దరు రైతుల సంగతి చెబుతాను. ఒకరినొకరు అన్నయ్యా, తమ్ముడూ అని పిలుచుకునేవాళ్లు. తమ్ముడి చెరువు పోయింది. నేను వెళ్లేసరికి అన్నయ్య మీద ఫిర్యాదు చేయడానికి బయల్దేరుతున్నాడు. నీళ్లు ముదురాకుపచ్చగా ఉన్నాయి. మోచేతి దాకా ముంచితే అరచేయి కనిపించలేదు. వెదురు గెడలకు కట్టిన మేత సంచులు ముందు రోజువి, సగానికి పైగా నిండుగానే వేలాడుతున్నాయి. అంటే ముందు రోజే చేపలు మేత మానేశాయి. చచ్చిన బొచ్చెల మధ్య వేలెడేసి పరిగెలు చురుగ్గా తిరుగుతున్నాయి. "మందే కలిపి ఉంటే ఈ పరిగెలు బతికి ఉంటాయా, బాబూ?" అని అడిగాను. అతను గట్టు మీద అలాగే కూలబడ్డాడు. అప్పు తెచ్చి లీజు కట్టి, పట్టుబడి దగ్గర పడిన వేళ ఇలా జరిగితే ఎవరి మీదో ఒకరి మీద కోపం రావడం సహజం. అతన్ని నేను తప్పుపట్టను. గట్టు మీద చేరి పేర్లు అందించినవాళ్లను చూస్తేనే నాకు ఒళ్లు మండింది. దొంగను వెతుకుతూ కూర్చుంటే ఆ రాత్రి మిగిలిన చేపలు కూడా పోతాయి.

చేయాల్సింది ఇది. మేత, పేడ, ఎరువు ఆపండి. నీటిలో గాలి కలిపే ఏరేటర్లు అర్ధరాత్రి దాటగానే మొదలుపెట్టి ఎండ వచ్చేదాకా తిప్పండి. అవి లేకపోతే ఇంజను పెట్టి చెరువు నీటినే పైకి చిమ్మండి. బోరు నీటిలో ఆక్సిజన్ చాలా తక్కువ కాబట్టి దాన్ని ఎత్తు నుంచి చెదిరి పడేలా వదలండి. వల దించకండి. పాచిని చంపే మందు అసలే వద్దు, చచ్చిన పాచి కుళ్లి ఉన్న ఆక్సిజన్‌ను కూడా లాగేస్తుంది.

తెల్లవారుజామున చేపలు పైకి వస్తే ఆకలికి వచ్చాయనుకుని మేత వేసేవాళ్లున్నారు. దయచేసి వేయకండి. గేలాలతో వచ్చేవాళ్లకూ అదే మాట. ఆ వేళ అవి ఎరను పట్టించుకోవు. ఒకవేళ పడినా, పెనుగులాడి అలిసిన చేపను తిరిగి వదిలితే బతకడం కష్టం.

మిగతావి క్లుప్తంగా. నీరు ఎంత పచ్చగా ఉంటే అంత మంచిదన్నది తప్పు. నీటిలోకి దించిన తెల్ల పళ్లెం 25 నుంచి 40 సెంటీమీటర్ల లోతు దాకా కనిపించాలి. వేసవిలో ఒక్కసారిగా కురిసిన చల్లటి వాన మేలు చేస్తుందన్నదీ తప్పే. అడుగున ఉన్న ఆక్సిజన్ లేని నీరు పైకి కలిసిపోతుంది, ఆ రాత్రి కాపలా ఉండండి. చలికాలంలో అరుగుదల మందగిస్తుంది కాబట్టి మేత తగ్గించండి. అప్పుడు కనిపించే ఎర్ర పుండ్ల జబ్బు మనుషులకు సోకదు.

ఇక, పెద్ద చేపలుంటే పిల్లలు వాటంతటవే పుడతాయన్న నమ్మకం. బొచ్చె, శీలావతి, ఎర్రమోసు వానాకాలంలో పారే నదుల్లో గుడ్లు పెడతాయి, నిలవ నీటి చెరువులో పెట్టవు. 1957లో ఒడిశాలో శాస్త్రవేత్త హీరాలాల్ చౌధురి పిట్యూటరీ (మెదడు కింది గ్రంథి) ఇంజెక్షన్‌తో కార్పుల చేత గుడ్లు పెట్టించాకే హేచరీ పిల్లల దారి తెరుచుకుంది. బంగారుతీగ (కామన్ కార్పు) సంగతి వేరు. అది గుర్రపుడెక్క వేళ్లకు కూడా గుడ్లు అంటిస్తుంది. దాని పిల్లలు పెరిగితే మేతకు పోటీ ఎక్కువవుతుంది కాబట్టి, చెరువులో వదిలేటప్పుడే దాన్ని తక్కువగా వేసుకోండి.