తడి ఆరిన చోటే మరక

జమ్మికుంట నుంచి ఒక పాఠకురాలు రాశారు: “దసరాకు చుట్టాలు వచ్చినప్పుడు కొత్త సోఫా మీద సగం గ్లాసు చాయ్ ఒలికింది. లేత బూడిదరంగు గుడ్డ. వెంటనే తడిబట్ట తెచ్చి గట్టిగా తుడిచాను, మరక పోయింది. తెల్లారి చూస్తే నేను తుడిచినంత మేరా చుట్టూ గీత గీసినట్టు గోధుమరంగు అంచు. మళ్లీ తుడిచాను. ఆ అంచు ఇంకాస్త బయటికి జరిగింది. నేను మరకను తీస్తున్నానా, పెంచుతున్నానా?”

ఈ ఉత్తరం అందిన రోజు నుంచి నాకు మరో ధ్యాస లేదు. సోఫాల శుభ్రత గురించి దొరికే సలహాలన్నీ ఏ పొడి చల్లాలి, ఏ మందు కొట్టాలి అన్న దగ్గరే ఆగిపోతాయి. ఈమె మాత్రం అంచు ‘జరిగింది’ అని గమనించారు. జవాబంతా ఆ మాటలోనే ఉంది. చాయ్‌లోని రంగును ఆమె చేతి గుడ్డ కొంతే తీసుకుంది. మిగిలినదాన్ని నీరు మోసుకెళ్లి మరోచోట దింపింది. నీరు ఎక్కడ ఆవిరవుతుందో అక్కడ మూట దింపి తాను వెళ్లిపోతుంది. రంగు ఆవిరి కాలేదు కాబట్టి అక్కడే ఉండిపోతుంది.

దీన్ని కళ్లారా చూడాలంటే దేవుడి గది చాలు. ప్రమిదలో నూనె పోసి వత్తి వేస్తాం. నూనె వత్తి వెంట తనంతట తానే పైకి పాకుతుంది. కొసన మంట దాన్ని తినేస్తూ ఉంటుంది, ఖాళీ అయిన చోటికి కింది నుంచి మళ్లీ నూనె వస్తూ ఉంటుంది. నూనెలో కాలకుండా మిగిలిన మడ్డి, వత్తి మసి మాత్రం కొసనే పేరుకుంటాయి. గంట తర్వాత చూడండి, వత్తి చివర నల్లగా గట్టిపడిన చిన్న మొగ్గ ఉంటుంది. పుల్లతో దాన్ని రాల్చి వత్తిని ఎగదోస్తాం. ప్రమిదంతా పలుచగా పరుచుకున్న మడ్డి ఆ కొసన కుప్పపడింది. ఎక్కడ ద్రవం మాయమవుతుందో అక్కడికి ప్రవాహం, ఎక్కడికి ప్రవాహమో అక్కడ మడ్డి. సోఫా మీది గోధుమరంగు గీతకూ వత్తి కొసనున్న మొగ్గకూ పుట్టుక ఒకటే.

సోఫా గుడ్డ వేల వత్తుల అల్లిక. దూది పోగు మందం సుమారు మిల్లీమీటరులో 50వ వంతు. పోగుల మధ్య సందులూ అంత సన్నగానే ఉంటాయి. సందు ఎంత సన్నమైతే నీటిని అంత బలంగా లాగుతుంది. 1718లో ఇంగ్లండ్ వైద్యుడు, శాస్త్రవేత్త జేమ్స్ జురిన్ ఈ సంబంధాన్ని లెక్కకట్టాడు: గొట్టం వ్యాసార్ధం పది రెట్లు తగ్గితే నీరు పది రెట్లు ఎత్తుకు ఎక్కుతుంది. వ్యాసార్ధం మిల్లీమీటరులో పదో వంతు ఉన్న శుభ్రమైన గాజు గొట్టంలో నీరు దాదాపు 15 సెంటీమీటర్లు ఎక్కుతుంది. వందో వంతయితే దాదాపు ఒకటిన్నర మీటర్లు.

బడిలో దీన్ని ‘కేశనాళికీయత’ అని చెబుతారు. ఒక గాజు గొట్టం బొమ్మ, ఒక సూత్రం, రెండు మార్కుల ప్రశ్న. ఆ మాట వినగానే పిల్లల ముఖాలు వాడిపోవడం నేను ఎన్నో ఏళ్లు చూశాను. అందుకే ఇంటి నుంచి తలా ఒక వత్తి తెమ్మనేదాన్ని. ఎర్రసిరా నీళ్లలో వత్తి ఒక కొస ముంచి, రెండో కొసను బల్ల అంచున వేలాడదీస్తే చాలు, నీరు గ్లాసు గోడ ఎక్కి దిగి నేల మీద బొట్టుబొట్టుగా పడుతుంది. అది చూసిన పిల్లవాడికి సూత్రం బట్టీ పట్టాల్సిన అవసరం రాదు.

ఇప్పుడు గీత దగ్గరికి వద్దాం. బల్ల మీద పడిన కాఫీ చుక్క ఆరితే రంగంతా అంచున ఉంగరంలా చేరి మధ్యలో వెలితిగా ఎందుకుంటుంది? మనిషి కాఫీ తాగడం మొదలుపెట్టిన నాటి నుంచీ కళ్ల ముందున్న ఈ సంగతికి సరైన వివరణ 1997లో వచ్చింది. షికాగో విశ్వవిద్యాలయంలో రాబర్ట్ డీగన్, సిడ్నీ నేగెల్, థామస్ విట్టెన్ తదితరులు దాన్ని ‘నేచర్’ పత్రికలో ప్రచురించారు. చుక్క అంచు బల్లను పట్టుకుని కదలకుండా ఉంటుంది. పలుచని ఆ అంచు నుంచే నీరు వేగంగా ఆవిరవుతుంది. అంచు కదలదు కాబట్టి అక్కడ తరిగిన నీటిని భర్తీ చేయడానికి మధ్యలోని నీరు బయటికి పారాలి. పారేటప్పుడు తనలోని రేణువులన్నింటినీ తోసుకెళ్తుంది. 2011లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ పరిశోధకులు గుండ్రని రేణువులకు బదులు కోలగా ఉన్నవి కలిపి చూస్తే ఉంగరం ఏర్పడలేదు. కోల రేణువులు నీటి ఉపరితలానికి చేరి ఒకదానికొకటి చిక్కుకుని, అంచుదాకా పోకుండా ఆగిపోయాయి. రేణువు ఆకారం మార్చితే మరక ఆకారమే మారిపోవడం ఎంత గొప్ప విషయం!

గుడ్డ మీద చుక్కకు ఇంకో సౌకర్యం ఉంది, అది పాకగలదు. ఎంత వేగంగా పాకుతుందో 1921లో అమెరికా రసాయన శాస్త్రవేత్త ఎడ్వర్డ్ వాష్‌బర్న్ చెప్పాడు. తడి వెళ్లిన దూరం, కాలానికి వర్గమూలంగా పెరుగుతుంది. మొదటి నిమిషంలో ఒక సెంటీమీటరు పాకిన తడి రెండో సెంటీమీటరు చేరడానికి నాలుగో నిమిషం దాకా, మూడోదానికి తొమ్మిదో నిమిషం దాకా పడుతుంది. సందు వెడల్పు, తలతన్యత (అంటే నీటి పైపొర బిగువు), నీరు పోగును అంటుకునే కోణం, నీటి చిక్కదనం, ఈ నాలుగూ ఆ లెక్కలోకి వస్తాయి. పోనుపోను వేగం తగ్గి, పాకే తడీ ఆవిరయ్యే తడీ సమానమైన చోట అంచు నిలిచిపోతుంది. ఆ నిలిచిన చోటే వత్తి కొస. నూలు గుడ్డ పాతదైతే వట్టి నీళ్లు పోసినా గీత పడుతుంది, ఎందుకంటే దూది ఏళ్ల తరబడి క్షీణించి పుట్టిన గోధుమరంగు పదార్థాలే నీటిలో కరిగి అంచుకు చేరతాయి.

పాలిస్టర్ గుడ్డ అయితే ఈ బాధ ఉండదా అని అడుగుతారు. మామూలు గాలిలో దూది తన బరువులో 8.5 శాతం తేమను పోగుల లోపలికే తీసుకుంటుంది, పాలిస్టర్ 0.4 శాతమే. అందుకే పాలిస్టర్ త్వరగా ఆరుతుంది. కానీ పోగుల మధ్య సందులు దానికీ ఉన్నాయి, కాబట్టి గీత దానికీ తప్పదు.

అసలు చిక్కు గుడ్డ కింద ఉంది. మన ఇళ్లలో ఇదివరకు నవారు మంచం, దూది పరుపు, జంఖానా ఉండేవి. అన్నీ ఎత్తి ఎండలో వేయగలిగినవే. వరంగల్ కొత్తవాడలో నేసిన జంఖానాను ఉతికి తీగ మీద వేసి చూడండి. తడి కిందికి దిగి చివరగా కింది అంచునే ఆరుతుంది. వదిలిన రంగు, మిగిలిన మురికి అక్కడే చేరతాయి. అంటే గీత పడుతుంది, కాకపోతే ఎవరూ చూడని అంచున పడుతుంది. సోఫాను తీగ మీద వేయలేం. పైగా గుడ్డ కింద నాలుగైదు అంగుళాల స్పాంజి. ఒలికిన చాయ్‌ను గట్టిగా ఒత్తి తుడిచినప్పుడు సగం ఆ స్పాంజిలోకి దిగుతుంది. స్పాంజి రంధ్రాలు పెద్దవి, గుడ్డ సందులు చిన్నవి. జురిన్ లెక్క ప్రకారం చిన్న సందే గెలుస్తుంది. పైన గుడ్డ ఆరుతున్న కొద్దీ స్పాంజిలోని చాయ్‌ను పైకి పీలుస్తుంది. రెండు రోజుల తర్వాత ‘పోయిన మరక మళ్లీ వచ్చింది’ అని ఆశ్చర్యపోతాం. అది పోలేదు, ప్రమిదలో నూనెలా కింద నిలవ ఉంది.

అయితే చేయాల్సింది స్పష్టం. వత్తి కొసను సోఫా నుంచి బయటికి జరపాలి. తడి ఆరే చోటు సోఫా గుడ్డ కాకుండా దాని మీద పరిచిన మరో గుడ్డ కావాలి. పాత తెల్ల పంచె తీసుకుని ఎనిమిది మడతలు వేయండి. గంజి ఉండకూడదు, రంగు అసలే ఉండకూడదు. మరక ఉన్న భాగాన్నంతా, ఒక కుట్టు నుంచి మరో కుట్టు దాకా, చల్లటి మంచినీటితో పిచికారీ చేసి తేలిగ్గా తడపండి. కుట్టుదాకా తడిపితే తడికీ పొడికీ సరిహద్దు కుట్టులో దాక్కుంటుంది, గీత పడినా కనబడదు. నీరు కారకూడదు, వేళ్లకు చల్లగా తగిలితే చాలు. దాని మీద మడత పరిచి అరచేతితో నొక్కండి. ఇక్కడ నేనొక పొరపాటు చేశాను. మొదటిసారి మడత మీద స్టీలు పళ్లెం పెట్టి, దాని మీద నిండు బిందె పెట్టాను. బరువుకు మడత గుడ్డకు బాగా అంటుకుంది కానీ పళ్లెం గాలి తగలనివ్వలేదు. ఆవిరి కావడానికి దారి లేక తడి పక్కలకు పాకింది, కొత్త గీత పడింది. రెండోసారి కూరగాయల జాలీ బుట్ట పెట్టి అందులో నాలుగు పుస్తకాలు వేశాను. బరువూ ఉంది, గాలీ ఆడింది. ఫ్యాను వేసి రాత్రంతా వదిలేశాను. ఉదయం మడతలు ఒక్కొక్కటే విప్పుతుంటే గోధుమరంగు పై మడతలోనే ఎక్కువగా ఉంది. సోఫాకు ఆనుకున్న మడత దాదాపు తెల్లగా ఉంది! రంగు ఏడు మడతలు దాటి గాలి తగిలే చోటుకు వెళ్లి కూర్చుంది. ఉప్పు పట్టిన పాత రాతి కట్టడాలకు సంరక్షకులు తడి కాగితపు గుజ్జు పట్టించి ఆరనిస్తారు. రాతిలోని ఉప్పు గుజ్జులోకి వస్తుంది. పని ఒకటే.

సబ్బు సంగతి చెప్పాలంటే ముందు ఒక వంటింటి గురించి చెప్పాలి. 1862లో వెనిస్‌లో పుట్టి జర్మనీలో పెరిగిన ఆగ్నెస్ పాకెల్స్‌కు విశ్వవిద్యాలయం గడప తొక్కే అవకాశం రాలేదు. ఇంట్లో తల్లిదండ్రులకు సేవ చేస్తూ, అంట్లు తోమే నీటి మీద జిడ్డు ఏం చేస్తుందో గమనించింది. రేకు తొట్టి, నీటిని తాకేలా త్రాసుకు వేలాడదీసిన బొత్తాం, ఇవే ఆమె పరికరాలు. వాటితో తలతన్యతను కొలిచి 1891లో ఇంగ్లండ్ భౌతిక శాస్త్రవేత్త లార్డ్ రేలీకి ఉత్తరం రాసింది. ఆయన దాన్ని ‘నేచర్’కు పంపి అచ్చు వేయించాడు. వంటపని చేస్తూ సైన్సు ఎలా అని అడిగే ఆడపిల్లలకు నేను ముందుగా చెప్పేది ఈమె గురించే. నీటి తలతన్యత మీటరుకు 72 మిల్లీన్యూటన్లు, సబ్బు కలిస్తే 30 దరిదాపులకు పడిపోతుంది. నీటిని దగ్గరికి రానీయని పాలిస్టర్ సందుల్లోకి కూడా అప్పుడు నీరు చొరబడుతుంది, పాల జిడ్డు పోగును వదులుతుంది. ఒక మగ్గు నీటికి రెండు చుక్కలు చాలు. ఎక్కువ వేస్తే మిగిలిన సబ్బు కూడా ఆ గీతలోకే చేరి జిగటగా దుమ్మును పట్టుకుంటుంది. బోరు నీళ్లయితే ఇంకా కష్టం: అందులోని కాల్షియం సబ్బుతో కలిసి తెల్లటి తెట్టు కడుతుంది, నీటిలోని లవణాలు తామే గీత గీస్తాయి. లవణాలు తీసేసిన ఆర్‌ఓ నీరు గానీ పట్టిన వాననీరు గానీ వాడండి.

పాల చాయ్‌కు వేడినీరు వద్దు, పాలలోని ప్రోటీను పోగుకు అతుక్కుంటుంది. చాయ్ రంగుకు పులుపు పనిచేస్తుంది, నిమ్మచుక్క పడితే డికాషన్ రంగు తేలిపోవడం, వంటసోడా వేస్తే నల్లబడటం మీకు తెలిసిందే. గ్లాసు నీటికి ఒక చెంచా తెల్ల వెనిగర్ కలిపి, ముందు సోఫా వెనకవైపు ఒక మూల పరీక్షించి వాడవచ్చు.

పసుపు మరక వేరే జాతి. కూర ఒలికిన చోట సబ్బు పెట్టగానే ఎర్రబడిందని భయపడి, అపశకునమని దిష్టి తీయించిన ఇల్లు నాకు తెలుసు. ఆ దిష్టికి వాడిన ఎర్రనీళ్లు ఎలా చేస్తారు? పసుపులో సున్నం కలిపే కదా! పసుపులోని కర్కుమిన్ క్షారం తగిలితే ఎర్రబడుతుంది, సున్నంలోనూ సబ్బులోనూ ఉన్నది క్షారమే. శకునం చెప్పేంత రహస్యం అందులో ఏమీ లేదు, భయపడిన ఇల్లాలికి ఎవరో ఒకరు ఈ మాట చెప్పి ఉంటే బాగుండేది. కర్కుమిన్‌కు ఎండ గిట్టదు. జిడ్డు తీసేసి, సోఫా గుడ్డ తొడుగు విప్పదగినదైతే ఎండలో పెడితే రంగు వెలిసిపోతుంది.

గోదావరిఖని, భూపాలపల్లి వైపు బొగ్గు నుసి పడే ఇళ్లవారు ఒక్క మాట గుర్తుంచుకోవాలి. నుసిని పొడిగా ఉండగానే దుమ్ము పీల్చే యంత్రంతో లాగేయాలి. తడిగుడ్డ తగిలిందా, నీరు ఆ నుసిని సందుల్లోకి మోసుకెళ్తుంది. సోఫా సీటు కింద కుట్టిన చీటీ మీద డబ్ల్యూ అక్షరం ఉంటే నీరు పనికొస్తుంది, ఎస్ ఉంటే ద్రావణి (నీరు లేని డ్రై క్లీనింగ్ ద్రవం) మాత్రమే, రెండూ ఉంటే రెండూ, ఎక్స్ ఉంటే తడే వద్దు. వానాకాలంలో ముసురు పట్టిన రోజు ఈ పని పెట్టుకోకండి. స్పాంజి రెండు రోజులు తడిగా ఉంటే బూజు వాసన మొదలవుతుంది.

జమ్మికుంట పాఠకురాలికి పంచె మడత పద్ధతి ఫోనులో చెప్పాను. ఆమె వరుసగా మూడు రాత్రులు చేశారు. మొదటి రాత్రి పై మడత గోధుమరంగు, రెండో రాత్రి లేత పసుపు. మూడో ఉదయం ఫోను చేసి, “మడతలన్నీ తెల్లగానే ఉన్నాయండీ. సోఫా మీద ఎక్కడ ఒలికిందో ఇప్పుడు నాకే గుర్తు లేదు” అన్నారు.