గడ్డికి కత్తెర పట్టిన బడింగ్

ఒక్క గడ్డిపోచ మీద కత్తి ఆనించి మెల్లగా నెట్టి చూడండి. తెగదు, పక్కకు వంగిపోతుంది. గడ్డి కోతలో ఉన్న చిక్కంతా ఇదే. పోచ వంగేలోపే తెగాలంటే కత్తి మంచి వేగంతో రావాలి, లేదా పోచకు ఏదో ఒక ఆసరా ఉండాలి. మనం కొడవలితో కోసేటప్పుడు ఆ ఆసరా మన ఎడమ చెయ్యే. పిడికిట పట్టుకుని కోస్తాం.

ఇంగ్లండ్‌లో పెద్ద తోటల పచ్చికను పొడవాటి కర్రకు బిగించిన పెద్ద కొడవలితో, నిలబడి ఊపుతూ కోసేవారు. ఆ కోతలో పోచను పట్టేవాళ్ళు లేరు, వేగమే దిక్కు. అందుకే పొద్దున్నే, మంచుకు గడ్డి తడిసి ఉండగానే పని మొదలయ్యేది. పొడిగడ్డి కత్తికి సరిగా దొరకదు. కోసిన పచ్చికంతా ఒకే ఎత్తులో ఉండాలంటే బాగా చెయ్యి తిరిగిన మనిషి కావాలి.

దీనికి దారి ఉన్ని మిల్లులో దొరికింది. గ్లౌస్టర్‌షైర్‌లోని స్ట్రౌడ్ ప్రాంతం ఉన్ని బట్టలకు పేరుపడింది. బట్ట మీద లేచిన నూగును సమంగా కత్తిరించే మిషన్లు అక్కడ ఉండేవి. వాటిని దగ్గరగా ఎరిగిన మెకానిక్ ఎడ్విన్ బడింగ్‌కు అదే పని నేల మీద గడ్డికీ చేయొచ్చని తట్టింది. 1830 ఆగస్టు 31న పేటెంట్ తీసుకున్నాడు. జాన్ ఫెరబీ అనే భాగస్వామి ఫౌండ్రీలో తయారీ మొదలైంది.

మిషన్‌ను నెడితే వెనక రోలర్ తిరుగుతుంది. పళ్ళ చక్రాలు ఆ తిప్పుడును 16 రెట్లు పెంచి ముందున్న సిలిండర్‌కు అందిస్తాయి. సిలిండర్ చుట్టూ మెలితిరిగిన బ్లేళ్ళు, దాని కింద కదలని బ్లేడు ఒకటి. తిరిగే బ్లేడు పోచను తెచ్చి కదలని బ్లేడుకు ఆనిస్తుంది, రెంటి మధ్యా అది తెగుతుంది. అంటే కత్తెరే! బ్లేడు మెలితిరిగి ఉండటమే నాకు ఇందులో బాగా నచ్చిన సంగతి. బ్లేడు తిన్నగా ఉంటే 19 అంగుళాల వెడల్పూ ఒక్కసారే తెగాల్సి వచ్చి, మిషన్ కుదుపుతో మొరాయించేది. మెలిక వల్ల కోత ఒక కొస నుంచి రెండో కొసకు జరుగుతూ పోతుంది, బరువు ఎప్పుడూ ఒకేలా పడుతుంది. ఇక మంచు కోసం తెల్లవారుజామునే లేవనక్కర్లేదు. మిషన్ మాత్రం ఇనుముతో బాగా బరువు. వెనక ఒకరు నెడుతుంటే ముందు ఇంకొకరు లాగేవారు. అయినా లండన్ జూ, ఆక్స్‌ఫర్డ్ కాలేజీలు మొదట్లోనే కొనుక్కున్నాయి.

పొలాల్లోనూ దాదాపు అప్పుడే ఇదే ఆలోచన నడిచింది. స్కాట్లండ్‌లో మతవిద్య చదువుతున్న ప్యాట్రిక్ బెల్, తోటమాలి కత్తెరను చూసి 1828లో పంట కోసే మిషన్ తయారుచేశాడు. గుర్రాలు వెనక నుంచి నెట్టేవి. ముందు తిరిగే చెక్క పట్టీల చక్రం కంకులను కత్తెరల మీదికి వంచేది. రైతులందరికీ అందాలని ఆయన పేటెంట్ తీసుకోలేదు. అమెరికాలో హస్సీ, మెకార్మిక్ 1833, 1834లలో తమ మిషన్లకు పేటెంట్లు పొందారు. వాటిలో కత్తి అటూ ఇటూ ఆడుతుంటే, ముందుకు పొడుచుకొచ్చిన ఇనుప వేళ్ళు కాడను పట్టి ఉంచేవి. ఇప్పుడు మన వరిచేలల్లోకి వచ్చే కోత మిషన్ ముందుభాగం చూడండి. చేనును వంచే రీలు, దాని కింద ఇనుప వేళ్ళ మధ్య ఆడే కత్తి, రెండూ అక్కడే ఉంటాయి.