బడిలో వేడి అన్నం వెనుక కథ

వరంగల్, ములుగు, భూపాలపల్లి పల్లెల్లో పత్తి ఏరే రోజులొస్తే కూలి తల్లులు పొద్దు పొడవకముందే చేనుకు పోతారు. రాత్రి మిగిలిన అన్నం ఉంటే పిల్లలు తిని బడికి వస్తారు, లేకుంటే ఖాళీ కడుపుతోనే. అట్లాంటి పిల్లలకు మధ్యాహ్న భోజనమే ఆ రోజు మొదటి ముద్ద.

ఈ అన్నం తేలిగ్గా రాలేదు. 1995 ఆగస్టు 15న కేంద్రం పథకం మొదలుపెట్టినా చాలా రాష్ట్రాలు వండి పెట్టలేదు. హాజరు చూసి నెలకు మూడు కిలోల ధాన్యం చేతికిచ్చి పంపాయి. ఇంటికి చేరిన బియ్యం ఇంటిల్లిపాదీ పంచుకునేదే కదా, అందులో పిల్ల వాటా ఎంత? పైగా అవి వరంగల్ రైతుకు గడ్డు ఏళ్లు. 1997-98లో పత్తి పురుగు పాలై, అప్పులు తీర్చలేక ఎందరో రైతులు ప్రాణాలు తీసుకున్నారు.

2001 నవంబర్ 28న పౌర హక్కుల సంస్థ పీయూసీఎల్ వేసిన కేసులో సుప్రీంకోర్టు కచ్చితంగా చెప్పింది: వండిన భోజనమే పెట్టాలి, కనీసం 300 కేలరీలు, 8 నుంచి 12 గ్రాముల ప్రోటీన్ ఉండాలి, ఏడాదికి 200 రోజులకు తగ్గొద్దు. 2003 జనవరిలో మన బడుల్లో పొయ్యిలు వెలిగాయి. 2013 ఆహార భద్రతా చట్టంతో అది పిల్లల హక్కయింది. నా దృష్టిలో అసలు మలుపు ఆ కోర్టు ఆదేశమే.

ఆకలితో ఉన్న పిల్లకు ఎక్కాలు తలకెక్కవు. రక్తం తక్కువైతే తొందరగా అలిసిపోతుంది, ధ్యాస నిలవదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో ఐదేళ్లలోపు పిల్లల్లో నూటికి 70 మందికి రక్తహీనత ఉందని తేలింది. వాళ్లే ఇప్పుడు బడి ఈడుకు వచ్చారు. అందుకే గుడ్డు, పప్పు, ఆకుకూర తగ్గకూడదు.

సేవా సంస్థలు కూడా ఇందులో చేయి వేశాయి. 2000లో బెంగళూరులో అక్షయపాత్ర ఐదు బడుల్లో 1,500 మంది పిల్లలతో మొదలైంది. 2023లో శ్రీ సత్యసాయి అన్నపూర్ణ ట్రస్టు తోడ్పాటుతో తెలంగాణ బడుల్లో పొద్దున రాగిజావ వచ్చింది. అదే ఏడాది అక్టోబర్‌లో ప్రభుత్వం అల్పాహార పథకం ప్రారంభించింది కానీ అది అన్ని బడులకూ చేరలేదు.

ఊరి బడిలో వండే ఆడవాళ్లు బిల్లులు ఆలస్యమైతే కిరాణా కొట్టులో అప్పు చేసి మరీ సరుకులు తెస్తారు. ఆ బిల్లులు వేళకు ఇవ్వడం సర్కారు పని, దాన్ని దాతల మీదకు నెట్టొద్దు. దాతలు చూడాల్సింది బడి మూసిన రోజులను. కరువు ప్రాంతాల్లో వేసవి సెలవుల్లోనూ భోజనం పెట్టాలని 2004లోనే సుప్రీంకోర్టు చెప్పింది. ఏప్రిల్ చివర నుంచి జూన్ రెండో వారం దాకా ఈ పిల్లలకు బడి అన్నం ఉండదు.