బొక్కలో మూలుగ, మూలుగలో తుకం

దసరాకు యాట కోసిన రోజు మా ఇళ్లలో పిల్లల కొట్లాటంతా నల్లి బొక్క కోసమే. కంచం అంచుకు రెండు దెబ్బలు కొట్టి జుర్రితే జారి వచ్చే మెత్తని ముద్దే మూలుగ. మనం జుర్రే ఆ ముద్దలో ఎక్కువ భాగం కొవ్వు. ఎదిగిన ఒంట్లో చేతుల, కాళ్ల పొడుగు బొక్కల మూలుగ చాలావరకు పసుపు పచ్చగా మారిపోతుంది. రక్తం తయారయ్యే ఎర్ర మూలుగ తుంటి బొక్కలో, వెన్నుపూసల్లో, పక్కటెముకల్లో, రొమ్ము బొక్కలో మిగులుతుంది. పసిపిల్లలకు మాత్రం దాదాపు అన్ని బొక్కల్లోనూ ఎర్రదే.

నల్లగొండ జిల్లాలో బొక్క అనగానే ముందు ఫ్లోరైడ్ గుర్తొస్తుంది. మర్రిగూడ, మునుగోడు వైపు వంగిన నడుములు, చాపలేని మోకాళ్లు చూస్తూ పెరిగినవాళ్లం. అందుకేనేమో బొక్కను ఒంటిని నిలబెట్టే స్తంభంగానే చూశాం. దాని లోపలి సంగతి నన్ను ఆలోచించేలా చేసింది దేవరకొండ దగ్గరి ఒక తండ్రి. ఆయన పిల్లలిద్దరూ నా దగ్గర జీవశాస్త్రం చదువుకున్నారు. కొడుక్కి తలసీమియా, ఒంట్లో సరైన రక్తం తయారుకాని పుట్టు జబ్బు. మూడు వారాలకోసారి తొలి బస్సుకు హైదరాబాద్ పోయి, రక్తం ఎక్కించుకుని, చీకటి పడ్డాక ఇల్లు చేరేవారు. మూలుగ మార్పిడి చేస్తే నయమయ్యే అవకాశం ఉందనీ, అక్కది మ్యాచ్ అయిందనీ డాక్టర్లు చెప్పారట. ఆయన వచ్చి చాలాసేపు ఊరికే కూర్చున్నాడు. తర్వాత అడిగాడు: "సారూ, బిడ్డ బొక్క కోసి పిలగానికి ఏస్తరా? రేపు పెండ్లి కావల్సిన పిల్ల. నడుము పోతే ఎట్ల?"

బొక్క కోయరు. వెన్నుపామును ముట్టుకోరు. ఈ రెండు మాటలు వెంటనే చెప్పాను. కానీ అంత మాత్రాన భయం పోదు. బిడ్డ ఒంట్లోంచి ఏం తీస్తారో, తీసింది మళ్లీ ఎలా నిండుతుందో తెలిస్తేనే పోతుంది.

ఎర్ర రక్తకణం బతికేది దాదాపు 120 రోజులు, ఒక వరి పంటకాలమంత. డెంగీ వచ్చినప్పుడు ఊరంతా లెక్కపెట్టే ప్లేట్‌లెట్లు 8 నుంచి 10 రోజులే ఉంటాయి. కొన్ని తెల్ల కణాలైతే రక్తంలో ఒక రోజు గడిపితే ఎక్కువ. అంటే రక్తం ఒకసారి నింపి ఉంచిన కుండ కాదు, ఎప్పుడూ కోతకొస్తూనే ఉండే పొలం. మన మూలుగ సెకనుకు 20 లక్షలకు పైగా ఎర్ర కణాలను పండిస్తుంది. ఈ పంటంతటికీ విత్తనం, మా మాటలో తుకం, రక్త మూలకణం. 2018లో వెలువడిన ఒక పరిశోధన ప్రకారం పెద్ద మనిషి రక్తాన్ని పండిస్తున్న మూలకణాలు 50 వేల నుంచి 2 లక్షల దాకా ఉంటాయి. వాటిలో చాలా భాగం ఎప్పుడు చూసినా నిద్రలోనే ఉంటాయి. కణం విడిపోయిన ప్రతిసారీ డీఎన్‌ఏలో తప్పు దొర్లే ప్రమాదం ఉంది కాబట్టి అవి అరుదుగా మేల్కొంటాయి. ఎంత కరువొచ్చినా రైతు విత్తనపు వడ్లు దంచుకోడు కదా, ఇదీ అంతే.

ఇలాంటి కణం ఒకటుందని రుజువు చేసిన కథ నాకు చాలా ఇష్టం. 1945లో హిరోషిమా, నాగసాకిల్లో బాంబు దెబ్బకు వెంటనే చనిపోని వాళ్లు ఎందరో ఆ తర్వాతి వారాల్లో రక్తకణాలు పడిపోయి చనిపోయారు. రేడియేషన్ వాళ్ల మూలుగను చంపేసింది. మరి మూలుగను కాపాడే దారి ఉందా? 1949లో లియోన్ జాకబ్సన్ అనే అమెరికన్ శాస్త్రవేత్త ఎలుకలకు ప్రాణాంతకమైన రేడియేషన్ ఇస్తూ, కడుపులో ఎడమపక్కన ఉండే ప్లీహానికి మాత్రం సీసం అడ్డుపెట్టాడు. ఆ ఎలుకలు బతికాయి. ఎలుక ప్లీహంలో కూడా రక్తం తయారవుతుంది. రెండేళ్లకే మరికొందరు, రేడియేషన్ తగిలిన ఎలుకకు వేరే ఎలుక మూలుగ ఎక్కిస్తే అదీ బతుకుతుందని చూపారు.

కాపాడుతున్నది ఏదో రసాయనమా, కణమా అని కొన్నాళ్లు వాదం నడిచింది. కణాలే అని 1950ల మధ్యలో తేలింది. అయితే ఎర్ర కణానికి ఒకటి, తెల్ల కణానికి ఒకటి వేర్వేరు విత్తనాలా, అన్నిటికీ ఒకటేనా? ఈ ప్రశ్నకు జవాబు టొరంటోలో దొరికింది. అక్కడ జేమ్స్ టిల్ అనే భౌతిక శాస్త్రవేత్త, ఎర్నెస్ట్ మెక్‌కల్లక్ అనే డాక్టరు కలిసి పనిచేసేవారు. రేడియేషన్ ఇచ్చిన ఎలుకలకు మూలుగ ఎక్కించిన పది రోజులకు, వాటి ప్లీహాల మీద చిన్న చిన్న బుడిపెలు కనిపించాయి. ఎక్కించిన కణాలు పెరిగితే బుడిపెల లెక్కా అదే పాళ్లలో పెరిగింది. దాదాపు పదివేల కణాలకు ఒక్క బుడిపె. 1961లో ఇది అచ్చయింది. రెండేళ్ల తర్వాత ఆండ్రూ బెకర్‌తో కలిసి అసలు పరీక్ష పెట్టారు. మూలుగ కణాల క్రోమోజోములు అక్కడక్కడా విరిగి అతుక్కునేలా కొద్దిగా రేడియేషన్ ఇచ్చారు. అలా ఒక్కో కణానికి ఒక్కో పచ్చబొట్టు పడ్డట్టయింది. బుడిపెను తెరిచి చూస్తే అందులోని కణాలన్నిటికీ అదే పచ్చబొట్టు! ఒక్క గింజ నుంచి అంత కుదురూ మొలిచిందన్నమాట. అందులో ఎర్ర, తెల్ల, ప్లేట్‌లెట్ వంశాలు మూడూ ఉన్నాయి.

మనుషుల్లో మాత్రం దారి ముళ్లబాట. 1957లో డొనాల్ థామస్ అనే అమెరికన్ డాక్టరు ఆరుగురు రోగులకు మూలుగ ఎక్కించిన ఫలితాలు ప్రకటించాడు. ఇద్దరిలో మాత్రమే అది కొన్నాళ్లు పట్టుకుంది. వంద రోజులు ఎవరూ దాటలేదు. చాలామంది వైద్యులు ఈ పని వదిలేశారు. థామస్ వదల్లేదు, కుక్కల మీద ఏళ్ల తరబడి పనిచేసి దాత, రోగి కణాల పొంతన ఎంత ముఖ్యమో గుర్తించాడు. 1977లో అతని బృందం చివరి దశ లుకేమియా (రక్త క్యాన్సర్) రోగులు వందమంది లెక్క చెప్పింది. వారిలో 13 మంది జబ్బు లేకుండా బతికారు. ఆశ వదులుకున్న చోట ఆ 13 చిన్న సంఖ్య కాదు. 1990లో ఆయనకు నోబెల్ వచ్చింది. మన దేశంలో మొదటి మార్పిడి 1983లో ముంబై టాటా మెమోరియల్ ఆస్పత్రిలో జరిగింది. ఇప్పుడు హైదరాబాద్ నిమ్స్‌లోనూ చేస్తున్నారు.

పొంతన చూసేది కణాల మీదుండే హెచ్‌ఎల్‌ఏ అనే గుర్తులతో. వీటి జన్యువులు ఆరో క్రోమోజోము మీదుంటాయి. తండ్రి నుంచి ఒక కట్ట, తల్లి నుంచి ఒక కట్ట వస్తాయి కాబట్టి తోబుట్టువుతో పూర్తిగా కలిసే అవకాశం నాలుగింట ఒకటి. తలసీమియా ఇంట్లో ఇంకో చిక్కుంది. ఆ తోబుట్టువుకు జబ్బు ఉండకూడదు. జబ్బు జన్యువు పదకొండో క్రోమోజోము మీద వేరుగా నడుస్తుంది. రెండూ కలిపి లెక్క కడితే అవకాశం పదహారింట మూడు. ఆ అక్కకు మ్యాచ్ కావడం అంత అరుదైన సంగతి. ఆమె జబ్బు జన్యువును ఒక్కటి మోస్తున్నా, అంటే క్యారియర్ అయినా, దాతగా పనికొస్తుంది.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. మన దగ్గర మేనరికాలు ఇంకా ఉన్నాయి. ఒకే తాత, ముత్తాత నుంచి వచ్చిన జన్యువు భార్యాభర్తలిద్దరిలోనూ ఉంటే, ప్రతి కాన్పులోనూ తలసీమియా వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. పెండ్లికి ముందో, గర్భం తొలి నెలల్లోనో హెచ్‌బీఏ2 అనే రక్తపరీక్ష చేయించుకుంటే క్యారియర్లు తెలిసిపోతారు. జాతకాలు చూసే ఓపికలో కొంత దీనికి పెట్టినా చాలు.

మరి మార్పిడి ఎలా చేస్తారు? నాట్లు తెలిసినవాళ్లకు ఇది కొత్తగా అనిపించదు. ముందు కరిగెట. బుసల్ఫాన్ లాంటి బలమైన మందులతో పిల్లవాడి పాత మూలుగను పూర్తిగా తుడిచేస్తారు. అన్నిటికంటే కష్టమైన రోజులివే. నోరు పూస్తుంది, జుట్టు రాలుతుంది, చిన్న జలుబు కూడా ప్రాణం మీదికి తెస్తుంది. తర్వాత నారు. దాతకు మత్తు ఇచ్చి తుంటి బొక్క వెనుక భాగం నుంచి సూదితో మూలుగను లాగుతారు. దాతకు కొన్ని రోజులు ఆ చోట సలుపు ఉంటుంది, తీసిన మూలుగ కొన్ని వారాల్లో మళ్లీ నిండుతుంది. ఇప్పుడు పెద్దల నుంచి తీసేటప్పుడు చాలాసార్లు సూది కూడా అక్కర్లేదు. నాలుగైదు రోజులు జీ-సీఎస్ఎఫ్ ఇంజెక్షన్లు ఇస్తే మూలకణాలు మూలుగ వదిలి రక్తంలోకి వస్తాయి, చేతి నరం నుంచి యంత్రంతో వడగడతారు.

ఇక నాటు అంటే ఒక సీసా, ఒక గొట్టం. సెలైన్‌లా రక్తనాళంలోకి ఎక్కిస్తారు, అంతే. బొక్కలోకి ఎవరూ పోయరు. ఆ కణాలే ఊపిరితిత్తులు, గుండె దాటి తిరిగి తిరిగి మూలుగను వెతుక్కుంటాయి. మూలుగలోని కణాలు వదిలే సీఎక్స్‌సీఎల్12 అనే రసాయనం వాసన పట్టుకుని పోతాయి. పాలమూరు కూలీ ఏ రాష్ట్రంలో డ్యామ్ కట్టడానికి పోయినా పండుగకు ఊరి బస్సు వెతుక్కున్నట్టు. నిజానికి వలస వీటికి పుట్టుకతోనే అలవాటు. గర్భంలో రక్తం మొదట తయారయ్యేది సొనసంచిలో, ఆ తర్వాత కాలేయంలో. బొక్కలు ఏర్పడ్డాకే మూలకణాలు మూలుగకు చేరి కాపురం పెడతాయి.

రెండు నుంచి నాలుగు వారాలు ఎదురుచూపు. తెల్ల కణాల్లో న్యూట్రోఫిల్ అనే రకం లెక్క 500 దాటి నిలబడితే "కౌంట్ వచ్చింది" అంటారు. వార్డులో ఆ మాట విన్న తల్లి ముఖం చూడాలి. అప్పటికీ గండం గడిచినట్టు కాదు. దాత కణాలు పిల్లవాడి చర్మాన్ని, పేగులను, కాలేయాన్ని పరాయివిగా చూసి దాడిచేయవచ్చు. కొందరిలో నాటు పట్టదు, కొందరు పిల్లలు దక్కరు. రక్తం ఎక్కించగా పేరుకున్న ఇనుము కాలేయాన్ని పాడుచేయకముందే, చిన్న వయసులో చేస్తే ఫలితం మెరుగు.

మ్యాచ్ లేని ఇళ్లకు ఇప్పుడు సగం పొంతన ఉన్న తల్లి లేదా తండ్రి కూడా దాత కాగలరు. ఎక్కించిన మూడో, నాలుగో రోజున సైక్లోఫాస్ఫమైడ్ అనే మందు ఇస్తే, కోపంతో విజృంభించే దాత తెల్ల కణాలు, అంటే టీ-కణాలు, చస్తాయి. మూలకణాలు మాత్రం తమలోని ఒక ఎంజైముతో ఆ విషాన్ని విరిచేసి బతుకుతాయి. కలుపు చచ్చి వరి మిగిలే మందు ఇది. తలసీమియాకు 2023 చివర్లో బ్రిటన్, 2024 జనవరిలో అమెరికా ఆమోదించిన మరో వైద్యంలో రోగి సొంత మూలకణాలనే తీసి, జన్యువును సవరించి, గర్భంలో వాడిన హిమోగ్లోబిన్‌ను మళ్లీ తట్టిలేపుతారు. దాత అక్కర్లేదు. కానీ అమెరికాలో దాని ధర 22 లక్షల డాలర్లు. దేవరకొండ దాకా అది ఎప్పుడు వస్తుందో అన్నదే నా దిగులు. అంతవరకు పొంతన కుదిరిన తోబుట్టువు ఉన్న పేద తలసీమియా పిల్లలకు కోల్ ఇండియా 2017 నుంచి నడుపుతున్న పథకం 10 లక్షల రూపాయల దాకా ఇస్తుంది. ఈ సంగతి తెలియని తల్లిదండ్రులు ఇంకా ఉన్నారు.

ఇదంతా ఆ తండ్రికి ఒక్కరోజులో చెప్పలేదు. నాలుగైదు సార్లు కూర్చున్నాం. చివరికి ఆయన బిడ్డనే అడిగాడు. ఆమె సరే అంది.

పిలగాడు హైదరాబాద్ తొలి బస్సు ఎక్కక రెండేళ్లు దాటింది. అతని బడి కార్డు మీద ఇంకా బీ పాజిటివ్ అనే ఉంది. రక్తం మాత్రం అక్క గ్రూపుకు, ఓ పాజిటివ్‌కు మారిపోయింది. వెంట్రుక కుదురు తీసి చూస్తే ఎక్స్ వై క్రోమోజోములు, రక్తం తీసి చూస్తే ఎక్స్ ఎక్స్. నడుము పోతుందేమోనని తండ్రి భయపడ్డ ఆ పిల్ల ఈ ఏడు జోనల్ ఖోఖోలో ఆడింది.