ఖాళీ థిన్నర్ డ్రమ్ము ఖాళీ కాదు

విజయవాడ ఆటోనగర్‌లో ఒక షెడ్డులో లారీ బాడీకి వెల్డింగ్ జరుగుతుంటుంది, పక్క షెడ్డులో రంగు కొడుతుంటారు. రంగు పలచన చెయ్యడానికి, స్ప్రే గన్ కడగడానికి, చేతికంటిన మరకలు తుడుచుకోవడానికి, అన్నిటికీ థిన్నరే. రోజూ చేతిలో ఉండే వస్తువు మీద భయం పోతుంది. నా భయమంతా అదే.

థిన్నర్ ఒకే పదార్థం కాదు. టోలుయీన్, అసిటోన్ లాంటివి రకరకాల పాళ్లలో కలిసిన మిశ్రమం. మండేది డబ్బాలోని ద్రవం కాదు, దాని మీద నుంచి లేచే ఆవిరి. నిప్పు తగిలితే గుప్పుమనేంత ఆవిరి ఎంత వేడి దగ్గర లేస్తుందో దాన్ని ఫ్లాష్ పాయింట్ అంటారు. టోలుయీన్‌కు అది 4 డిగ్రీలు. అసిటోన్‌కైతే సున్నాకు దాదాపు 20 డిగ్రీలు దిగువన. సంక్రాంతి తెల్లవారుజామున కూడా బెజవాడలో అంత చలి పుట్టదు. అంటే మన ఊళ్లో థిన్నర్ ఏ రోజు మూత తీసినా అంటుకునే స్థితిలోనే ఉంటుంది. టర్పెంటైన్ కాస్త వేరు, దానికి 35 డిగ్రీల చుట్టుపక్కల కావాలి. జనవరిలో నిదానంగా ఉండే ఆ సీసా, మే నెల మధ్యాహ్నం రేకుల షెడ్డులో నిదానంగా ఉండదు.

కొన్నేళ్ల కింద మా ఇంట్లో పాత బీరువాకు రంగు వేయించాం. తడి రంగు మీద దుమ్ము పడుతుందని కిటికీలు మూసింది నేనే. వంటింట్లో పొయ్యి మీద పాలున్నాయి. పెయింటర్ పెద్దాయన డబ్బా కింద పెట్టేసి, "ముందు పొయ్యి ఆపండమ్మా, కిటికీలు తియ్యండి. ఇది నేల మీద పాకుద్ది" అన్నారు. ఆయన మాట అక్షరాలా నిజం. టోలుయీన్ ఆవిరి గాలికన్నా మూడు రెట్లు బరువు. కంటికి కనపడకుండా గడప దాటి, మెట్లు దిగి, ఎక్కడో ఉన్న మంటను చేరుతుంది. అక్కడ అంటుకున్న మంట అదే దారిలో డబ్బా దాకా వెనక్కి వస్తుంది.

ఎంత ఆవిరి చాలు? గాలిలో నూటికి 1.2 పాళ్లు. ఆ లెక్కన, ఒక్క లీటరు టోలుయీన్ పూర్తిగా ఆవిరైతే పదడుగుల పొడవు, ఎనిమిదడుగుల వెడల్పున్న గదిలోని గాలి మొత్తాన్ని దాదాపు అంటుకునే స్థితికి తేగలదు. నేలబారున పేరుకుంటుంది కాబట్టి అంత కూడా అక్కర్లేదు.

ఇదే లెక్క 200 లీటర్ల డ్రమ్ముకు కడితే గుండె ఝల్లుమంటుంది. రెండు చిన్న చెంచాల టోలుయీన్ చాలు. ఎంత వంపినా డ్రమ్ము అడుగున, అంచుల మడతల్లో ఆ మాత్రం మిగిలే ఉంటుంది. నీళ్ల తొట్టికనో చెత్త డబ్బాకనో దాన్ని గ్యాస్ కట్టింగ్‌కు ఇస్తే, కట్టర్ మంట తగలగానే లోపలి ఆవిరి ఒక్కసారిగా పేలి మూత మనిషి మీదికే ఎగురుతుంది. మూత తీసి ఎండలో పెట్టాం కదా అంటారు, అది చాలదు. నా మట్టుకు థిన్నర్ డ్రమ్మును కోయించడమే వద్దంటాను. తొట్టి కావాలంటే వేరే కొనుక్కోవచ్చు.

రవ్వ వెల్డింగ్ నుంచే రానక్కర్లేదు. థిన్నర్‌ను వేగంగా ఒంపితే ఆ ప్రవాహంలోనే స్థిర విద్యుత్తు పుడుతుంది. అందుకే డ్రమ్ము నుంచి ఇనుప డబ్బాలోకి పట్టేటప్పుడు రెండిటినీ రాగి తీగతో కలిపి, డ్రమ్ముకు ఎర్త్ ఇవ్వాలి. ప్లాస్టిక్ బకెట్టుకు ఈ రక్షణ ఉండదు. మంట లేస్తే నీళ్లు కుమ్మరించకూడదు, టోలుయీన్ నీటి మీద తేలి మంటను ఇంకా దూరం తీసుకెళ్తుంది. పొడి ఇసుక, మంటలార్పే పౌడర్ సిలిండర్ దగ్గరుంచుకోవాలి. చేయి దాటేలా ఉంటే బయటికి వచ్చేసి 101కి ఫోన్ చెయ్యాలి.

ఇంకొకటి, వాసనను నమ్మొద్దు. కాసేపటికి ముక్కు అలవాటుపడి, ఆవిరి పెరుగుతున్నా తగ్గినట్టే అనిపిస్తుంది. క్యాబిన్ లోపల పనిచేసే కుర్రాడు తల తిరుగుతోందంటే, ఎండ దెబ్బ అనుకుని అక్కడే కూర్చోబెట్టకుండా వెంటనే బయటి గాలిలోకి తీసుకురావాలి. తలుపులు తెరవాలి. ఫ్యాన్ ఆగి ఉంటే మాత్రం అప్పుడు స్విచ్ వెయ్యకూడదు. ఆ స్విచ్ లోపల కూడా చిన్న రవ్వ పుడుతుంది.