కార్టూన్ మధ్యలో బొమ్మల బోర్డు

"మా బాబుకి మూడున్నరేళ్ళు, ఇంకా మాటలు రాలేదు. స్పీచ్ థెరపిస్ట్ బొమ్మల బోర్డు (ఒక్కో మాటకి ఒక్కో బొమ్మ, వేలితో తాకి చెప్పేది) వాడమన్నారు. దానికి అలవాటుపడితే ఇక నోరే తెరవడేమోనని టెన్షన్‌గా ఉంది. పైగా వాడికి టీవీ తప్ప ఏదీ పట్టదు." ఒక తల్లి అడిగిన మాట ఇది.

ముందు ఆ టెన్షన్ సంగతి. మిల్లర్, లైట్, ష్లోసర్ అనే పరిశోధకులు అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలను జల్లెడ పట్టి 2006లో ఫలితాలు ప్రచురించారు. గట్టి ఆధారాలున్న 27 మందిలో బోర్డులు, సైగల వల్ల మాట తగ్గినవాళ్ళు ఒక్కరూ లేరు. 89 శాతం మందిలో ఎంతో కొంత పెరిగింది. నిజంగా భయపడాల్సింది మాటలు రావాలని నాలుక్కి వస రాయడం గురించి. వసలోని బీటా-అసరోన్ ఎలుకల్లో క్యాన్సర్ తెస్తుందని తేలాక, 1968లోనే అమెరికా దాన్ని ఆహారంలో నిషేధించింది.

ఇక అసలు విషయం. ఇంటిల్లిపాదీ తెలుగే మాట్లాడుతూ, పిల్లాణ్ణి మాత్రం జపనీస్‌లో బదులు చెప్పమంటే ఎలా చెబుతాడు? బోర్డు చేతికిచ్చి "ఏం కావాలో చూపించు" అనడం కూడా అంతే. ఆ బొమ్మల భాష మాట్లాడేవాళ్ళు ఇంట్లో ఎవరూ లేరు. మాటలు వేళకి వచ్చే పిల్లలైనా ముందు ఏడాది, ఏడాదిన్నర పాటు వింటారు. రోజుకి 8 గంటలు విన్నారనుకున్నా ఏడాదిన్నరకి 4,380 గంటలు. అదే బోర్డు వారానికి ఒక్క గంట, థెరపీలో మాత్రమే కనిపిస్తే అన్ని గంటలు నిండడానికి 84 ఏళ్ళు కావాలి! అందుకని ముందు పెద్దవాళ్ళే ఆ జపనీస్ మాట్లాడాలి. నోటితో అంటూ, ఆ మాట బొమ్మను వేలితో తాకాలి. దీన్నే మోడలింగ్ అంటారు. మనకూ కొత్త భాషే కాబట్టి తడుముకుంటాం, తప్పు బొమ్మ తాకి దిద్దుకుంటాం. వాడు అదీ చూడాలి.

దీనికి టీవీ చాలా మంచి చోటు. ఒకే కార్టూన్ పదేపదే చూస్తాడు, తర్వాత ఏం జరుగుతుందో వాడికి కంఠతా వచ్చు. తెర మీద బెలూన్ ఉబ్బుతోంది. మీరు "ఇంకా" తాకండి. మళ్ళీ "ఇంకా". "పెద్దది". సరిగ్గా పగలబోతుండగా పాజ్ నొక్కండి. ఏమీ అడక్కండి, మనసులో పది లెక్కపెట్టండి. వాడి చూపు తెర మీంచి మీ మొహానికి, అక్కణ్ణుంచి బోర్డుకి రావచ్చు. వాడు అడుగుతున్నట్టే లెక్క. వేలు కదలకపోతే మీరే "చూడు" తాకి ప్లే చేయండి. చెయ్యి పట్టుకుని నొక్కించొద్దు. "ఎర్రది ఏది? చూపించు" అని పరీక్ష పెట్టొద్దు. మన బళ్ళలోనూ ఇదే జబ్బు, చెప్పేది తక్కువ, అడిగేది ఎక్కువ. ఒక ఎపిసోడ్‌లో రెండు మూడు పాజ్‌లు చాలు, అంతకు మించితే ఎవరికైనా కోపం వస్తుంది.

బోర్డుని ఏనుగు, యాపిల్, బస్సులతో నింపేస్తారు చాలామంది. ఇంగ్లీషులో చేసిన అధ్యయనాల ప్రకారం రోజూ మాట్లాడే దాంట్లో 80 శాతం దాకా కొన్ని వందల మాటలే. ఇంకా, వద్దు, మళ్ళీ, ఆపు, నాకు, అయిపోయింది లాంటివి ముందు పెట్టండి. చూడు, చూస్తా, చూశాడు అని మూడు గళ్ళు అక్కర్లేదు. మొదట్లో బొమ్మ ఒకటే చాలు, రూపం మీ నోటి నుంచి వింటాడు. గళ్ళ చోటు మాత్రం మార్చకండి. టైపింగ్‌లో లాగే వేలికి దారి అలవాటవుతుంది, చోటు మారితే మళ్ళీ మొదటికే.

ఇలాంటి బోర్డునే తెర మీద చూపించే, చెన్నైలో తయారైన ఆవాజ్ యాప్‌లో తెలుగు ఉంది. కాగితం మీద ప్రింటు తీసి లామినేట్ చేయించినా మొదలుపెట్టొచ్చు. యాప్ అయితే కార్టూన్ నడిచే ఫోన్‌లో పెట్టకండి, వీడియో రాగానే బోర్డు మాయమవుతుంది. రెండు నుంచి నాలుగేళ్ళ పిల్లలకి తెర రోజుకి గంట మించొద్దని 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. మాట్లాడడానికి వాడే ట్యాబ్‌ను ఆ గంటలో కలపకూడదని నా గట్టి అభిప్రాయం.

టీవీ కట్టేసేటప్పుడు వాడు "వద్దు" తాకాడనుకోండి. "వద్దంటున్నావు, ఇంకా చూడాలని ఉంది" అంటూ ఆ బొమ్మలు తాకండి, తర్వాత "అయిపోయింది" తాకండి. టీవీ కట్టేయండి. బోర్డుని మాత్రం దాచెయ్యకుండా అన్నం దగ్గరికి తీసుకెళ్ళండి.