కొడవలికి పట్టిన రాగి

తాడిపత్రి

పాపకు, చిన్నోడికి తాత ఆశీస్సులు.

పోయిన సెలవుల్లో చీనీ (బత్తాయి) తోటలో జరిగింది గుర్తుందా? తెగుళ్లకు కొట్టే బోర్డో మందు (మైలుతుత్తం, సున్నం కలిపిన నీళ్లు) కలిపాక, నా కొడవలి రెండు నిమిషాలు ముంచి చూడమని చిన్నోడికి చెప్పాను. తీసి చూసి "తాతా, కొడవలికి రాగి పట్టింది!" అని తోటంతా వినబడేలా అరిచాడు. పొద్దెక్కుతోంది, మందు కొట్టేవాళ్లు కాచుకొని ఉన్నారు. "ఇంకో దోసెడు సున్నం తేపో" అని కసిరానే గానీ ఎందుకు పట్టిందో చెప్పలేదు. మొన్న ఫోన్లో పాప ఇనుమును, రాగిని పోల్చి రాయమని బడిలో ఇచ్చారని చెప్పగానే ఆ కొడవలే గుర్తొచ్చింది. ఫోన్లో తెగే మాట కాదని కాగితం పట్టుకున్నాను.

మైలుతుత్తం అంటే రాగి ఉప్పు. నీళ్లలో వేయగానే అందులోని రాగి పరమాణువులు ఒక్కొక్కటి రెండేసి ఎలక్ట్రాన్లు తక్కువై తిరుగుతుంటాయి. ఆ నీలం రంగు వాటిదే. ఇనుముకు ఎలక్ట్రాన్లను వదులుకునే గుణం రాగి కన్నా ఎక్కువ. కొడవలి మునగగానే ఇనుము తన ఎలక్ట్రాన్లు రెండు రాగికిచ్చి తాను నీళ్లలోకి దిగిపోతుంది. పోయినవి దొరికిన రాగి మళ్లీ లోహమై, ఇనుము లేచిపోయిన చోటే కూర్చుంటుంది. చూడ్డానికి పూతలా ఉంటుంది గానీ అసలు అది మార్పిడి. 56 గ్రాముల ఇనుము కరిగితే 63.5 గ్రాముల రాగి పట్టుతుంది. వెండి నగకు బంగారు నీళ్లు పోసినట్టు కాదు, కొడవలి నిజంగానే కొంత అరిగిపోతుంది.

మరి సున్నం ఎందుకు తెమ్మన్నాను? 100 లీటర్ల నీళ్లకు కిలో మైలుతుత్తం, కిలో సున్నం లెక్క. సున్నం చాలినంత ఉంటే రాగిని పట్టి ఉంచుతుంది. ఆకు మీద అది కొంచెం కొంచెంగా విడుదలై బూజు తెగుళ్లను ఆపుతుంది. సున్నం తక్కువైతే విడిగా తిరిగే రాగి మిగిలిపోయి లేత ఆకును మాడ్చేస్తుంది. మిగిలిందా లేదా అని చెప్పేది ఆ కొడవలే. ఎర్రబడితే సున్నం వేయాలి, తెల్లగానే ఉంటే కొట్టుకోవచ్చు. ఈ మందుకు ఆ పేరు ఫ్రాన్సులోని బోర్డో ఊరి నుంచి వచ్చింది. అక్కడి ద్రాక్ష రైతులు దారిన పోయేవాళ్లు కాయలు కోసుకోకుండా, గట్టు పక్క తీగల మీద మైలుతుత్తం, సున్నం కలిపి చల్లేవాళ్లు. ఊరంతా బూజు తెగులొచ్చినా ఆ తీగలు పచ్చగానే ఉండటం మిలార్డే అనే ఆయన కంటబడింది. 1885లో దాన్ని మందుగా లోకానికి చెప్పాడు. దొంగల భయం ఇంత మేలు చేసింది.

ఈ పాఠం నేను నేర్చుకుంది మాత్రం నష్టపోయి. తోట పెట్టిన కొత్తలో, ప్లాస్టిక్ డ్రమ్ము కొనడం దండగనిపించి, పాత ఇనుప డ్రమ్ములోనే మైలుతుత్తం రాత్రంతా నానబెట్టాను. తెల్లారి చూస్తే నీలం పలచబడి ఉంది, అడుగున ఎర్రటి బురద. రాగంతా డ్రమ్ముకు పట్టింది, మిగిలిన నీళ్లు చెట్లకు కొట్టాను. తెగులు తగ్గలేదు. కొన్నాళ్లకే డ్రమ్ము అడుగు చిల్లు పడింది. మీ అవ్వ ఇప్పటికీ చుట్టాలొస్తే ఆ కథే చెబుతుంది.

ఇక మోటార్ల సంగతి. నలభై ఏళ్లు వైండింగ్ చేసి బతికినవాణ్ణి కాబట్టి ఇక్కడ కొంచెం సాగదీస్తాను, ఓర్చుకోండి.

బోరు మోటారు విప్పితే లోపల ముఖ్యంగా ఉండేవి ఈ రెండే: ఇనుప రేకుల కట్ట, దాని గాళ్లలో చుట్టిన రాగి తీగ. కరెంటును మోసేది రాగి. ఆ కరెంటు పుట్టించిన అయస్కాంత బలాన్ని పట్టి నడిపించేది ఇనుము. ఒకదాని చోట ఇంకొకటి పెడితే మోటారు తిరగదు. ఇనుప తీగలో కరెంటుకు వచ్చే అడ్డు రాగిలో కన్నా దాదాపు ఆరు రెట్లు. అంటే అడ్డంగా కోస్తే కనబడే ముఖం వైశాల్యం ఆరింతలుండే తీగ కావాలి, అది ఆ గాళ్లలో పట్టదు. రాగినేమో అయస్కాంతం అంటుకోదు, దాన్ని కట్టగా పేర్చినా ప్రయోజనం లేదు.

ఎందుకిట్లా అంటే లోపలి గదులు చూడాలి. రెండూ మూలకాల ఆవర్తన పట్టికలో ఒకే అడ్డవరుసలోవి. పరమాణు సంఖ్య ఇనుముకు 26, రాగికి 29. రెండింటినీ పరివర్తన లోహాలు అంటారు. ఈ వరుసవాళ్ల ఇంట్లో డి అనే పేరున అయిదు గదులుంటాయి, గదికి ఇద్దరు ఎలక్ట్రాన్లు. ఇనుముకు ఉన్నవి ఆరు. ఒక గదిలో జత, మిగతా నాలుగు గదుల్లో ఒంటరివాళ్లు. ఒక్కో ఒంటరి ఎలక్ట్రాన్ చిన్న అయస్కాంతం లాంటిది. ఇనుములో అవన్నీ పక్కపక్క పరమాణువులతో సహా ఒకే వైపు తిరిగి నిలబడగలవు. ఒంటరివాళ్లున్న ప్రతి లోహానికీ ఇది చేతకాదు. ఆ వరుసలో ఇనుము, కోబాల్ట్, నికెల్ మూడే మామూలు వేడిలో ఇలా ఉంటాయి. రాగికి గదులన్నీ నిండి జతలు కుదిరాయి, బయట ఒక్కటే తిరుగుతుంటుంది. ఆ ఒక్కదానికి అడ్డొచ్చే ఖాళీ గదులు లేవు కాబట్టి కరెంటు సాఫీగా పోతుంది. ఇనుములో పోయే ఎలక్ట్రాన్ దారిలో సగం నిండిన గదుల్లో పడి తట్టుకుంటూ పోవాలి.

ఇనుమును ఒకే దిమ్మగా కాకుండా అర మిల్లీమీటరు రేకులుగా పేర్చడానికి కూడా కారణముంది. దిమ్మగా ఉంటే దాంట్లోనే సుడులు తిరిగే కరెంటు పుట్టి వేడెక్కి చస్తుంది. రేకుకూ రేకుకూ మధ్య పూత ఆ సుడులను తెంచుతుంది. ఇప్పటి కుర్రోళ్లు కొందరు కాలిన వైండింగ్ తొందరగా ఊడుతుందని స్టాంపింగ్‌ను (ఆ రేకుల కట్టను) మంటల్లో వేస్తున్నారు. పూత కాలిపోయి మోటారు అప్పటి నుంచి ఊరికే వేడెక్కుతుంది. రైతేమో వైండింగ్ బాగలేదంటాడు. చిజిల్‌తో కోసి ఓపికగా లాగాలి, ఇంకో దారి లేదు.

ట్రాన్స్‌ఫార్మర్లు పగలగొట్టే దొంగలు కూడా ఇనుమును ముట్టుకోరు, రాగి తీగ ఎత్తుకుపోతారు. పాత ఇనుము కంటే పాత రాగి ధర ఇరవై రెట్లకు పైనే. భూమి పైపొరలో నూటికి అయిదు పాళ్లు ఇనుమే. మన ఎర్రనేలల ఎరుపు, ఓబుళాపురం కొండల ఎరుపు దానిదే. రాగి పది లక్షల పాళ్లకు యాభై అరవై మించి లేదు.

పాప పట్టికకు అంకెలు కావాలి కదా: ఇనుము 1538 డిగ్రీల దగ్గర కరుగుతుంది, రాగి 1085 దగ్గరే. ఘన సెంటీమీటరు ఇనుము 7.87 గ్రాములు, రాగి 8.96. వీటికన్నా కొలిమి దగ్గర కనబడే తేడా నాకు ఇష్టం. ఉక్కును ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచితే గట్టిపడుతుంది. రాగిని అలాగే ముంచితే మెత్తబడి చెప్పినట్టు వంగుతుంది. ఎర్రగా కాలిన గునపం దగ్గర అయస్కాంతం పెట్టి చూడండి (పెద్దవాళ్లు పక్కనుండగా). 770 డిగ్రీలు దాటితే దాన్ని పట్టదు. చల్లారాక మళ్లీ పడుతుంది.

మన మాటల్లోనే ఇంకో తేడా ఉంది. ఇనుముకు పట్టేది తుప్పు, రాగికి పట్టేది చిలుము. తుప్పు ఉబ్బి పెళ్లలుగా రాలుతుంది, కింది ఇనుము మళ్లీ గాలికి, తడికి దొరుకుతుంది. చిలుము అంటుకొని ఉండి కిందిదాన్ని కాపాడుతుంది. రాజంపేట దగ్గరి తాళ్ళపాకలో పుట్టిన అన్నమయ్య కీర్తనలు రాగిరేకుల మీద చెక్కి తిరుమల గుడిలో దాచారు. నాలుగు వందల ఏళ్ల తర్వాత బయటికి తీసినా అక్షరాలు చదవడానికి వచ్చాయి. ఇనుప రేకుల మీద చెక్కి ఉంటే బుట్టెడు ఎర్రపొడి మిగిలేది. అట్లని రాగి చెంబులో మజ్జిగ, చింతపులుసు పోయకండి. పులుపుకు రాగి కరిగి కడుపులో తిప్పుతుంది. అందుకే వంట గిన్నెలకు లోపల కళాయి పూయిస్తారు.

ఈ లోహాలు వేషం మారుస్తాయి కూడా. సున్నపు నేలలో చీనీ లేతాకులు ఈనెలు పచ్చగా, మిగతాది పసుపుగా తిరిగితే ఇనుము అందలేదని గుర్తు, అన్నభేది అనే ఇనుప ఉప్పు కొడతాం. నీళ్లలో వేసినప్పుడు లేత ఆకుపచ్చగా ఉంటుంది. అట్లే ఉంచితే గాలి తగిలి ఇనుము ఇంకో ఎలక్ట్రాన్ పోగొట్టుకొని గోధుమరంగుకు తిరుగుతుంది. ఆ తర్వాత కొట్టినా చెట్టుకు పెద్దగా పనికిరాదు. నిమ్మ ఉప్పు కలిపి, కలిపిన వెంటనే కొట్టమనేది అందుకే.

మన నెత్తురు ఎరుపు కూడా ఇనుముదే. ఒంట్లో మొత్తం మూడు నాలుగు గ్రాములుంటుంది. రాగి దాంట్లో ముప్పయ్యో వంతు. పీతలకు మాత్రం ప్రాణవాయువును మోసేది రాగి, వాటి నెత్తురు నీలం. బడిలో ఇచ్చే ఐరన్ మాత్ర నీలంగా ఉంటుంది కదా అని మైలుతుత్తం అనుకునేవు చిన్నోడా, అది పైపూత రంగు. ఇంకో మాట, మీ అవ్వ చేసే రాగి సంగటిలో రాగి కన్నా ఇనుమే ఎక్కువ. పేరు ధాన్యానిది, లోహానిది కాదు. మీ బెంగళూరు స్నేహితులకు చెప్పి చూడండి, నమ్మరు.

ఆ కొడవలిని నేను కడగలేదు. కొట్టం చూరులో పెట్టాను, వానలకు తడిసింది. నిన్న తీసి చూస్తే ఎర్రపూత ఉన్నచోట, దాని అంచు చుట్టూ తుప్పు ముందుగా పట్టింది. పూత లేని పిడి వైపు ఇంకా తెల్లగానే ఉంది. ఎందుకో పై మాటల్లోనే ఉంది. ఎవరికి ముందు తడితే వాళ్లు జవాబు రాయండి.

ఇట్లు,
మీ తాత